గండి అడుగున

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఆఫీసు ఉద్యోగంతో పాటు ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది. మల్ట్‌నోమా జలపాతానికి డ్రైవరు ఉద్యోగం. మే నుంచి సెప్టెంబరు దాకా ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. బావమరిది, ఇంజినీరింగులో రూమ్మేటు, పక్కింటి వాళ్ళ అత్తామామలు. శనివారం పొద్దున్నే లేచి పులిహోర కలిపి, పర్మిట్ చూసుకుని, అరగంట కారు నడిపి, 620 అడుగుల జలపాతం ముందు వాళ్ళని నిలబెట్టాలి. మధ్యలో ఉన్న ఆ పాత కాంక్రీటు వంతెన మీద ఫొటో తీయాలి. కింద లాడ్జి దగ్గర కాఫీ ఇప్పించి వెనక్కి తీసుకురావాలి. ఈ డ్యూటీ ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టడం మానేశాను.

వచ్చినవాళ్ళు రెండు రకాలు. "ఇంతేనా, మన తలకోన కూడా ఇలాగే ఉంటుందిగా" అనేవాళ్ళు ఒక రకం. "ఎంత శుభ్రంగా పెట్టుకున్నార్రా వీళ్ళు" అనేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరూ చూసేది జలపాతాన్నే. వీపు వెనక ఉన్న నదిని, ఆ జలపాతం వేలాడుతున్న గోడని, అసలు తాము నిలబడిన గండిని చూసినవాళ్ళు చాలా తక్కువ. నేనూ మొదటి నాలుగైదేళ్ళు చూడలేదు కాబట్టి ఇది ఇతరుల మీద ఫిర్యాదు మాత్రమే కాదు.

గండి అన్న మాట కావాలనే వాడుతున్నాను. కాన్యన్, గార్జ్ అని రాయడం నాకు సులువే, ఫొనెటిక్ కీబోర్డు మీద 'గండి' కన్నా అవే తొందరగా పడతాయి. కానీ ఉన్న మాటని వదులుకోవడం దేనికి? పెన్నా నది కొండని కోసుకుని పారే చోట కోట కడితే దాన్ని మనవాళ్ళు గండికోట అన్నారు. ఇప్పుడు ఆ గండికోటకి 'ఆంధ్రా గ్రాండ్ కాన్యన్' అని బోర్డు తగిలిస్తున్నాం. సొంత పేరులోనే అర్థం ఉన్న చోటికి అరువు పేరు తగిలించడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గోదావరి మీద పాపికొండల దారిలో ఉన్న అమ్మవారి పేరు గండిపోచమ్మ. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ముప్ఫై ఏళ్ళు దాటాక, ఇక్కడ కొలంబియా నది ఒడ్డున నిలబడినప్పుడు తట్టింది. అంతవరకూ అదొక పేరు, అంతే.

సరే, కొలంబియా గండి. ఆరెగాన్‌కీ వాషింగ్టన్‌కీ మధ్య 80 మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల 4 వేల అడుగుల లోతు. కాస్కేడ్ పర్వతాలని దాదాపు సముద్రమట్టం ఎత్తులోనే దాటే దారి ఇదొక్కటే. కొండలు పుట్టాక నది వాటిని తవ్వలేదు. నది ముందునుంచీ ఉంది. కొండలు నెమ్మదిగా పైకి లేస్తుంటే అది తన దారి తాను కోసుకుంటూ పోయింది.

రెండేళ్ళ క్రితం వేసవిలో మా అమ్మా నాన్నగారూ వచ్చారు. డ్యూటీ ప్రకారం తీసుకెళ్ళాను. అమ్మ ఫొటోలు దిగుతోంది. నాన్నగారు మాత్రం దారి పక్కన రాలిపడిన ఒక నల్లరాయిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది మన పంగిడి రాయి కదరా" అన్నారు. నేను నవ్వాను. మాది కొవ్వూరు దగ్గర ఊరు. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోంచి నల్లకంకర లారీలు మా ఊరి మీదుగానే పోయేవి. ఆయన ప్రతి నల్లరాయినీ పంగిడి రాయే అంటారు, ప్రతి మామిడిపండునీ మన ఇంటి పండుతో పోల్చినట్టు.

ఆ రాత్రి ఎందుకో కూర్చుని చదివాను. నవ్వినందుకు సిగ్గేసింది.

ఈ గండి గోడలు బసాల్ట్. సుమారు కోటీ 70 లక్షల ఏళ్ళ క్రితం మొదలై, ఆరెగాన్, వాషింగ్టన్, ఐడహోల సరిహద్దు ప్రాంతంలో నేల పొడుగ్గా చీలి, ఆ చీలికల్లోంచి లావా పొంగింది. శంకువులాంటి అగ్నిపర్వతం తల పగలడం కాదు, పాలగిన్నె పొంగినట్టు పొంగి పరుచుకోవడం. ఒక పొర చల్లారి, దాని మీద మట్టి చేరి, చెట్లు మొలిచాక మళ్ళీ ఇంకో పొర. ఇలా 2 లక్షల చదరపు కిలోమీటర్లకి పైగా కప్పేసింది. కొన్ని పొరలు అప్పటి కొలంబియా లోయనే కాలువగా చేసుకుని పసిఫిక్ సముద్రం దాకా పారాయి. లాటూరెల్ జలపాతం దగ్గరకి వెళితే ఆ లావా చల్లారిన తీరు కళ్ళకి కడుతుంది. ఎండాకాలం చెరువు అడుగున మట్టి నెర్రెలు విచ్చినట్టు, చల్లారుతూ కుంచించుకుపోయిన రాయి పలకలు పలకలుగా, ఎవరో పేర్చిన స్తంభాల్లా నిలబడి ఉంటుంది. పక్కన పసుపుపచ్చ బూజు. మల్ట్‌నోమా కన్నా నాకు అదే ఇష్టం. పర్మిట్ గొడవ కూడా లేదు.

మరి పంగిడి? అదీ బసాల్టే. రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు పక్కలా, ఇటు పంగిడి, అటు కాతేరు వైపు, ఆరున్నర కోట్ల ఏళ్ళకి పైబడిన లావా పొరలు ఉన్నాయి. దక్కన్ లావా ప్రధానంగా మహారాష్ట్రలో ఉంది. దానికి వందల కిలోమీటర్ల దూరంలో, మధ్యలో సంబంధం తెగిపోయి, ఈ చిన్న ముక్క మా జిల్లాలో కూర్చుంది. రసాయన పరీక్షల్లో ఇది మహాబలేశ్వరం వైపు పొరలతో సరిపోలుతుంది. అప్పటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చి ఉండాలని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. భూమి మీద అంత దూరం పారిన లావాల గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళు ముందుగా చెప్పే పేర్లలో కొలంబియా, రాజమండ్రి రెండూ ఉంటాయి. పంగిడి పొరల మధ్యలో సున్నపురాయి, గవ్వలు కూడా దొరుకుతాయి. అంటే అప్పట్లో సముద్రం అక్కడిదాకా ఉండేది.

మా ఇంటి స్లాబులో ఉన్న కంకర ఆ లావానే. మా ఊళ్ళో స్లాబు పోసిన ప్రతి ఇంట్లోనూ అదే ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ లారీల దుమ్ము పీల్చి, అదేమిటో తెలుసుకోవడానికి నేను పన్నెండు వేల కిలోమీటర్లు రావలసి వచ్చింది. పదో తరగతి సోషల్ పుస్తకంలో దక్కన్ నాపలు అని ఒక వాక్యం చదివి, ఒక మార్కు తెచ్చుకున్న జ్ఞాపకం ఉంది. ఊరి చివర క్వారీకి తీసుకెళ్ళి చూపించిన మాస్టారు ఎవరూ లేరు. మా నాన్నగారూ మాస్టారే, ఆయనా చూపించలేదు. అడిగితే, "సిలబస్‌లో లేదురా" అన్నారు.

రాయి సంగతి అది. ఇక నీళ్ళు. ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుందని మా ఆవిడ అంటుంది.

జె హార్లెన్ బ్రెట్జ్ అని ఒకాయన సియాటిల్‌లో హైస్కూలు బయాలజీ మాస్టారుగా పనిచేసి, తర్వాత భూగర్భ శాస్త్రంలోకి మారాడు. తూర్పు వాషింగ్టన్‌లో ఎండిపోయిన పెద్దపెద్ద గండ్లు, చుక్క నీరు లేని జలపాతాల అంచులు, రాయి దాకా గోకేసిన నేలలు చూశాడు. 1923లో రాశాడు: ఇది నెమ్మదిగా నది చేసిన పని కాదు, ఊహకందని వరద ఒక్కసారిగా చేసిన పని అని. అప్పటి పెద్దలకి ఇది పురాణంలో జలప్రళయంలాగ వినిపించింది. 1927లో వాషింగ్టన్ డీసీకి పిలిచి, ఒకరి తర్వాత ఒకరు లేచి కాదన్నారు. వాళ్ళలో చాలామంది ఆ నేల మీద కాలు పెట్టినవాళ్ళు కాదు. వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే: అన్ని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి?

జవాబు మోంటానాలో ఉంది. మంచుయుగం చివర్లో ఒక హిమానీనదం నాలుక క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డంగా 2 వేల అడుగుల ఎత్తు మంచు ఆనకట్ట కట్టింది. వెనక మిసౌలా అనే సరస్సు నిండింది. మంచు తేలుతుంది కదా, నీళ్ళు లోతయ్యేసరికి ఆనకట్ట లేచి విరిగేది. సరస్సు రెండు మూడు రోజుల్లో ఖాళీ అయ్యేది. మళ్ళీ మంచు జారి అడ్డం పడేది, మళ్ళీ నిండేది, మళ్ళీ తెగేది. 18 వేల నుంచి 15 వేల ఏళ్ళ క్రితం మధ్య ఇలా పదుల సార్లు జరిగింది. ఆ సరస్సు అడుగున జోసెఫ్ పార్డీ అనే ఆయన ఇసుకలో అలల గీతల్లాంటివి చూపించాడు, కాకపోతే ఒక్కో గీత మూడంతస్తుల మేడంత. అప్పటికి 1940 వచ్చింది. బ్రెట్జ్‌కి ఆ రంగంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ పతకం 1979లో ఇచ్చారు. అప్పుడాయన వయసు 96. నా శత్రువులంతా పోయారు, ఇప్పుడు ఎవరి ముందు మురిసిపోవాలి అని కొడుకుతో అన్నాడని చెప్పుకుంటారు.

మనకి అర్థమయ్యే లెక్కలో చెప్తాను. ఆ సరస్సులో ఉన్న నీళ్ళు సుమారు 74 వేల టీఎంసీలు. పోలవరం పూర్తిగా నిండితే 194. గోదావరికి 1986లో వచ్చిన వరద మా ఇళ్ళల్లో ఇప్పటికీ పురిటి కథలా చెప్పుకుంటారు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఈ గండిలోంచి పోయిన మిసౌలా వరద దానికి యాభై నుంచి వంద రెట్లని అంచనాలు. ఆ నీళ్ళు గండి గోడల్ని నిలువునా చెక్కేశాయి. పక్క వాగుల లోయలు సగంలో తెగి గాల్లో వేలాడాయి. ఆ వేలాడే వాగులే ఇప్పుడు మనం ఫొటోలు దిగే జలపాతాలు. అంటే మల్ట్‌నోమా ముందు నిలబడి వెనక్కి తిరగకపోవడమంటే, ఇల్లు ఎవరు కట్టారో అడగకుండా గుమ్మానికి కట్టిన తోరణం చూసి రావడమే.

గోడల మధ్య నడవడమంటే ఏమిటో తెలియాలంటే ఒనియాంటాకి వెళ్ళాలి. ఇప్పుడు వెళ్ళలేరు. 2015 ఆగస్టులో నేను వెళ్ళాను, పెళ్ళికి ముందు, ఆఫీసు స్నేహితులతో. మొదట్లోనే పెద్ద దుంగల గుట్ట ఎక్కి దిగాలి. తర్వాత ఇరవై అడుగుల వెడల్పు సందు, రెండు పక్కలా వంద అడుగుల నల్లగోడ, నాచు, ఫెర్న్ ఆకులు. నీళ్ళు మోకాలి నుంచి ఛాతీ దాకా వచ్చాయి. ఆగస్టులో కూడా పళ్ళు కటకటలాడేంత చల్లదనం. ఫోను నెత్తి మీద పెట్టుకుని నడిచాను. చివర జలపాతం దగ్గర ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని, మేం అరుస్తుంటే వేలు నోటి మీద పెట్టి చూపించాడు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఇప్పుడు రాదు. 2017 సెప్టెంబరు 2న ఒక పదిహేనేళ్ళ కుర్రాడు సరదాకి విసిరిన టపాకాయతో ఈగిల్ క్రీక్ దగ్గర అడవి అంటుకుంది. దాదాపు 50 వేల ఎకరాలు కాలింది. మా కారు అద్దాల మీద బూడిద పడింది. పట్టు వదిలిన రాళ్ళు, చెట్లు జారుతున్నాయని అప్పటినుంచీ ఒనియాంటా సందు మూసేశారు. కుర్రాడికి కోర్టు 3 కోట్ల 60 లక్షల డాలర్లకి పైగా కట్టమంది. దీపావళికి మా కాలనీ పార్కింగులో చిచ్చుబుడ్లు వెలిగించేటప్పుడు నేను పక్కన బకెట్ పెట్టుకుని నిలబడతాను. పిల్లలు నవ్వుతారు.

ఇదంతా పైకి కనిపించే గండి. నేను అసలు చెప్పదలచుకున్నది కనిపించని గండి గురించి.

పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుకి గంటన్నర వెళితే పచ్చదనం ఆగిపోతుంది. గడ్డి కొండలు, నల్లరాయి, గాలి. ద డాల్స్ అనే ఊరు వస్తుంది. బొచ్చు వ్యాపారం చేసే ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు, పలకరాయి అని అర్థం. కొలంబియా అంతటి నది ఇక్కడ బసాల్ట్ పలకల మధ్య సందుల్లో ఇరుక్కుని పారేది. 1805 అక్టోబరులో పడవల్లో వచ్చిన లూయిస్, క్లార్క్‌లు ఒకచోట ఆ సందు వెడల్పు 45 గజాలని రాసుకున్నారు. దానికి ఎగువన సెలైలో జలపాతం. ఎత్తులో పెద్దదేం కాదు, కానీ నది మొత్తం అక్కడ రాతి మెట్ల మీంచి పడేది. సామన్ చేపలు ఎదురెక్కేది అక్కడే. రాళ్ళ అంచున కర్రలతో మంచెలు కట్టుకుని, పొడుగు కర్రలకి వలలు బిగించి, నడుముకి తాళ్ళు కట్టుకుని అక్కడి ప్రజలు చేపలు పట్టేవాళ్ళు. పదివేల ఏళ్ళకి పైగా మనుషులు విడవకుండా బతికిన చోటు. ఏ మంచె ఏ కుటుంబానిదో తరతరాలుగా లెక్క ఉండేది. వాళ్ళ మాటలో ఆ చోటి పేరు వయామ్. నీళ్ళు పడే చప్పుడు ప్రతిధ్వని అని చెప్తారు.

1855 ఒప్పందాల్లో అమెరికా ప్రభుత్వం భూములు తీసుకుంటూ, చేపలు పట్టే హక్కు మాత్రం మీకే ఉంటుందని రాసిచ్చింది. 1957 మార్చి 10, ఆదివారం నాడు ద డాల్స్ డ్యామ్ గేట్లు దించారు. కొన్ని గంటల్లో సెలైలో మునిగిపోయింది. తెగలకి సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చారు. ఒడ్డున వేలమంది నిలబడి చూశారట. గుట్టల మీద చెక్కిన బొమ్మల్లో కొన్నిటిని కోసి డ్యామ్ దగ్గర దాచారు, మిగతావి నీళ్ళలోకి పోయాయి. అవతలి ఒడ్డున గుట్ట మీద ఇంకా ఉన్న ఒక బొమ్మ పేరుకి 'చూస్తూ ఉండే ఆమె' అని అర్థం. తన ప్రజలని ఎప్పటికీ కనిపెట్టుకుని ఉండమని కయోటీ దేవుడు రాయిని చేసిన నాయకురాలని కథ. ఇప్పుడు రేంజర్ తోడుంటే తప్ప దగ్గరకి వెళ్ళనివ్వరు. పెద్ద కళ్ళు. గండిపోచమ్మ గుర్తొచ్చి, నాకు తెలియకుండానే చెప్పులు విప్పాను. రేంజరమ్మ పాముంటుంది వేసుకో అంది.

నాన్నగారిని సెలైలో పార్కుకి తీసుకెళ్ళాను. హైవే పక్కన చిన్న గడ్డి మైదానం, బోట్ల ర్యాంపు, బల్లలు. ముందు వెడల్పుగా, కదలకుండా నీళ్ళు. "ఏదిరా?" అన్నారు. "ఇదే నాన్నగారూ, కింద ఉంది" అన్నాను. ఆయన 1980లలో నాలుగేళ్ళు కొండమొదలు దగ్గర ఒక ఊళ్ళో పనిచేశారు. సోమవారం పొద్దున లాంచీ ఎక్కి పైకి, శనివారం కిందకి. ఆ బల్ల మీద కూర్చుని చాలాసేపు నీళ్ళు చూసి, "మంటూరు రేవు కూడా ఇలాగే చూపించాలి ఇక" అన్నారు. అమ్మ పులిహోర డబ్బా తెరిచింది. ఆయన తినలేదు. గాలి ఎక్కువగా ఉందన్నారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, లేకపోతే అబద్ధమాడినట్టవుతుంది. ఆ పార్కుకి పది పన్నెండు మైళ్ళ దిగువన గూగుల్ డేటా సెంటర్ ఉంది. 2006లో పెట్టారు. డ్యామ్ కరెంటు చవక కాబట్టే అక్కడికి వచ్చారు. మా కంపెనీ సర్వీసులు నడిచేది అక్కడి క్లౌడ్ రీజియన్‌లోనే. కాన్ఫిగ్ ఫైల్లో 'యుఎస్ వెస్ట్ వన్' అని నేను ఎన్ని వందల సార్లు టైప్ చేశానో. అదొక చోటు అని, దాని వెనక ఒక మునిగిన జలపాతం ఉందని ఒక్కసారీ అనుకోలేదు. ఆ సెంటర్ ఊరి నీళ్ళు ఎన్ని తాగుతోందో చెప్పకుండా ఉండటానికి ఆ నగరమే ఒక పత్రిక మీద కోర్టుకెళ్ళింది. ఏడాది దాటాక బయటికొచ్చిన లెక్క, ఊరి నీళ్ళలో పాతిక శాతం పైమాటే. నా జీతం ఆ నీళ్ళలోంచి వస్తుంది. అటుపక్క మా తాతగారికి గోదావరి కాలువ కింద మూడెకరాల మాగాణి ఉండేది. కాటన్ దొర ఆనకట్ట లేకపోతే మా నాన్నగారి చదువు లేదు, నా ఇంజినీరింగు లేదు. రెండు నదుల మీదా నేను లాభపడిన వైపే ఉన్నాను.

కాబట్టి పోలవరం వద్దు అని నేను రాయడం లేదు. అలా రాసే అర్హత నాకుందని అనుకోను. కాలువ చివరి ఎకరానికి ఏప్రిల్‌లో నీళ్ళు రాకపోతే ఎలా ఉంటుందో మా ఇంట్లో తెలుసు. నా ఫిర్యాదు వేరు. తెలుగులో పోలవరం గురించి జరిగే వాదనంతా ఎంత శాతం పూర్తయింది, ఎవరి హయాంలో ఎంత పూర్తయింది, ఎన్ని టీఎంసీలు, ఎన్ని వేల కోట్లు. సాయంత్రం చర్చా కార్యక్రమం పెట్టి చూడండి, అంకెలు తప్ప ఒక ఊరి పేరు వినిపించదు. 2019 నుంచి కాఫర్ డ్యామ్ వెనక వరద వచ్చినప్పుడల్లా దేవీపట్నం, పూడిపల్లి, తొయ్యేరు నీళ్ళలోకి పోతున్నాయి. గండిపోచమ్మ గుడి గోపురం మాత్రం పైకి కనిపించే ఫొటో ప్రతి జులైలో వాట్సాప్‌లో వస్తుంది. కింద దణ్ణం బొమ్మలు పెట్టి ఫార్వర్డ్ చేస్తాం. కచ్చులూరు పేరు మనకి తెలిసింది 2019లో అక్కడ బోటు మునిగి మనుషులు పోయినందుకు. అంతకు ముందు, అక్కడ సుడి ఉందని సరంగులకి తెలుసు.

పాపికొండలు లావా కావు, ఆ మాట ఒప్పుకోవాలి. అవి తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్ళు, లావా ఇంకా దిగువన ఉంది. కానీ నది కొండని కోసిన తీరు, ఆ ఇరుకులో మనుషులు అల్లుకున్న తీరు ఒకటే. కొండరెడ్లు, కోయలు ఏ రాయి దగ్గర ఏ నెలలో చేప ఉంటుందో చెప్పగలరు. సరంగులకి ప్రతి మలుపుకీ, ప్రతి రాతికీ ఒక పేరుంది. లాంచీ ఎక్కడ ఇంజను తగ్గించాలో, ఎక్కడ పసుపు కుంకుమ వేయాలో తెలుసు. ఇవన్నీ ఎక్కడైనా రాసి ఉన్నాయా అని వెతికితే నాకు దొరికింది డ్రోన్ షాట్లు, సినిమా పాటలు వేసిన బోటు షికారు వీడియోలు, బొంగు చికెన్ రెసిపీలు.

2008లో అమెరికా ఇంజినీర్లు సెలైలో చోట సోనార్ వేసి చూశారు. జలపాతం చెక్కు చెదరకుండా నీళ్ళ కింద అలాగే ఉంది. ఆ మ్యాపు చూసి అక్కడి పెద్దవాళ్ళు కొందరు ఏడ్చారని చదివాను. రాయి ఎక్కడికీ పోదు. లోతు, వాలు, అంచు అన్నీ యంత్రం చెప్పింది. ఏ అంచు ఎవరి కుటుంబానిదో మాత్రం గుర్తున్నవాళ్ళే చెప్పాలి. అక్కడ చెప్పేవాళ్ళు ఉన్నారు, వినేవాళ్ళు ముందే రాసుకున్నారు. సెలైలో గ్రామం చిన్నదైనా ఇంకా అక్కడే ఉంది. మనం ఏజెన్సీ ఊళ్ళని కొత్త కాలనీలకి, ఒక్కో ఊరిని ఒక్కో దిక్కుకి పంపించేస్తున్నాం. పక్కపక్కన ఉంటే ఒకరు మరిచిపోయిన పేరు ఇంకొకరు అందిస్తారు. విడిపోతే అదీ ఉండదు.

ఒక స్నేహితుడికి ఇది చెప్తే, "అమెరికాలో కూర్చుని నీకు నాస్టాల్జియా రా" అన్నాడు. కావచ్చు. ఇంకో మాట కూడా అన్నాడు: వాళ్ళకి కావలసింది పరిహారం, నీ రికార్డింగులు కాదు. అందులో నిజముంది. పరిహారం కోసం అడగవలసిన వాళ్ళు అడుగుతున్నారు, అది ఆగకూడదు. కానీ ఒకటి చేస్తే ఇంకొకటి చేయకూడదని ఎక్కడుంది? పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి ఎక్కించడానికి మనవాళ్ళు ఎంత శ్రమపడ్డారో మీకు తెలుసు. పెద్ద సంస్థలు చేసిన పనికన్నా నలుగురు కూర్చుని రాత్రుళ్ళు చేసిన పనే ఎక్కువ. ఒక సరంగుతో రెండు గంటలు ఫోనులో మాట్లాడి, ఆ మాటలు దాచి, మ్యాపు మీద చుక్కలు పెట్టడానికి వీసా అక్కర్లేదు, ప్రాజెక్టు రిపోర్టు అక్కర్లేదు. నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి మ్యాపు నాకు ఒక శనివారం పని. పేర్లు నావల్ల కాదు.

ఇదే కొలంబియా గండిలోకి వచ్చి కలిసే వైట్ సామన్ అనే నది మీద 1913లో కట్టిన కాండిట్ డ్యామ్‌ని 2011లో అడుగున రంధ్రం పేల్చి ఖాళీ చేశారు. ఇప్పుడక్కడ నల్లరాతి సందులో నది మళ్ళీ పారుతోంది, చేపలు ఎక్కుతున్నాయి. సెలైలోకి అలాంటి రోజు వస్తుందని నేను అనుకోను. ఆ కరెంటు మీద ఆధారపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ ఒకణ్ణి. అయినా ఆ వీడియో నాన్నగారికి పంపాను. జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ పెట్టారు.

ఈ వేసవి నుంచి నా డ్యూటీ కొంచెం మార్చాను. వచ్చినవాళ్ళని ముందు సెలైలోకి తీసుకెళ్తాను, తర్వాత లాటూరెల్, ఆఖర్న మల్ట్‌నోమా. మొన్న మా పిన్ని కొడుకు కుటుంబం వచ్చింది. "ఏమీ లేని చోటికి మూడు గంటలు తిప్పావు అన్నయ్యా" అన్నాడు. వాళ్ళ పాప మాత్రం నీళ్ళ దగ్గర వంగి, వినిపిస్తుందా అని చెవి పెట్టింది. వినిపించలేదంది.

నాన్నగారు ఇంటికెళ్ళాక ఒక పాత స్కూలు నోట్సులో రాసి ఫొటో తీసి పంపారు. పోలవరం నుంచి పేరంటపల్లి దాకా లాంచీ ఆగిన రేవులు, మలుపులు, రాళ్ళు, 31 పేర్లు. పదిహేడో దాని దగ్గర పేరు లేదు, గీత గీసి ప్రశ్న గుర్తు పెట్టారు. సరంగు అక్కడ ఇంజను తగ్గించి చేతులు జోడించేవాడట. ఏదో రాయి, ఎండాకాలం మాత్రమే పైకి కనిపించేదట. "సోనారో ఏదో అన్నావు కదా, అది వేస్తే పేరు తెలుస్తుందా?" అని అడిగారు. ఆయనతో పనిచేసిన ఇంకో మాస్టారు పోలవరంలో ఒక పాత సరంగు నంబరు సంపాదించి ఇచ్చారు. రెండు ఆదివారాలుగా చేస్తున్నాను. ఎత్తడం లేదు. ఇక్కడి రాత్రి తొమ్మిదికి అక్కడ పొద్దున్నే, పొలం వెళ్ళి ఉంటారేమో. ఈ ఆదివారం సాయంత్రం ఏడింటికే చేసి చూస్తాను.